మొహం ఇటు తిప్పు

నెల్లిమర్లలో మా ఇంట్లో
ఎవరూ ఎవరి వీపుతోనూ మాట్లాడేవారు కాదు.
వంటింట్లోంచి కేకేస్తే అందని మనిషి మా నాన్న.
ముప్పై ఒక్క ఏళ్లు జూట్ మిల్లు మగ్గాల మధ్య తిరిగి
రెండు చెవులూ అక్కడే, గోగునార దుమ్ములో,
ఏ షిఫ్టులోనో పారేసుకొచ్చాడు.
అమ్మ పప్పులో గరిటె వదిలేసి
కొంగుతో చేతులు తుడుచుకుంటూ వీధరుగు దాకా వచ్చి
ఆయన ఎదర నిలబడి, అప్పుడు అనేది:
"ఉప్పు నేదు."
ఆ రెండు ముక్కలకీ పన్నెండు అడుగులు.
మాట బరువు నాకు అలా తెలిసింది, అడుగుల్లో.

మిల్లు లోపలికి ఒక్కసారే వెళ్లాను, కేరేజీ ఇవ్వడానికి.
నేలంతా వణుకుతోంది.
నా పేరు నేనే అరిచి చూశాను, నాకే వినపడలేదు.
ఆ హోరులో
అటు చివర దాలినాయుడు మామ, ఇటు చివర మా నాన్న
తీరిగ్గా కబుర్లాడుకుంటున్నారు!
కనుబొమ్మ ఎగిరితే సూపర్వైజరొస్తున్నట్టు.
రెండు వేళ్లు పెదవి దాకా వెళ్తే చుట్ట.
అరచెయ్యి పొట్ట మీద గుండ్రంగా తిరిగితే
మామ కూతురికి నెలలు నిండుతున్నట్టు.

అందులో అబద్ధం ఆడొచ్చా, అని అడిగాను ఓసారి.
నాన్న చాలాసేపు ఆలోచించాడు.
"ఆడొచ్చు గానీ
ఎదరోడు నీ మొకమే సూత్తంటాడు కదేటి."

కరెంటు పోయిన రాత్రుళ్లు
మా ఇంట్లో భాష ఆరిపోయేది.
చీకట్లో అమ్మ ఆయన చెయ్యి తీసి
తన గొంతు మీద పెట్టుకునేది.
ఏం చెప్పేదో పిల్లలకి వినపడనిచ్చేది కాదు.
మాట వెచ్చగా ఉంటుందనీ, అదురుతుందనీ
ఆయన వేళ్లకి తెలుసు.
నాకింకా తెలీదు.

లాకౌటు నాడు గేటు దగ్గర
ఇజీనారం నుంచొచ్చిన నాయకుడొకాయన లారీ ఎక్కి
గంటసేపు మాట్లాడాడు. మంచి గొంతు.
చంపావతి అవతల ఒడ్డుకి కూడా వినపడి ఉంటుంది.
ముందు వరసలోంచి తవిటయ్య తాత లేచాడు.
"ఆ మైకు కాసింత తియ్యి బాబూ,
నీ నోరు అగుపడ్డం నేదు."
జనం నవ్వలేదు.
ఆయనొక్కడే నవ్వాడు, మైకులో.

ఇప్పుడు నేను గజపతినగరంలో తెలుగు పాఠాలు చెప్తాను.
సొంత వాక్యాల్లో రాయమన్న సామెతల్లో ఏడోది,
చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు.
దాన్ని కొరకడం నీ తాత తరం కూడా కాదన్నాడట ఆ చెవిటివాడు.
క్లాసంతా ఒకటే నవ్వు.
నాకు మాత్రం ఏటా అక్కడే ఆగిపోతుంది పాఠం.
బుగ్గలుబ్బడం చూశాడు, పళ్లూడతాయని జాలిపడ్డాడు,
చూసినంత మేరకు జవాబు చెప్పాడు పాపం.
ఊదినవాడు శంఖం దించి
ఒక్కసారైనా అతని మొహం చూశాడా?
ఈ సామెత ఎవరి మీద పుట్టిందో,
ఎవరి మీద వాడుతున్నామో.

బోర్డు వైపు తిరిగి నేనెప్పుడూ మాట్లాడను.
రాయడం అయ్యాక సుద్దముక్క కింద పెట్టి,
వెనక్కి తిరిగి, అప్పుడు చెప్తాను.
సిలబస్సు అవ్వదు.
హెడ్మాస్టరు గారు ఇప్పటికి రెండు మెమోలిచ్చారు.

దాలినాయుడు మామ పోయాడు.
సాయంత్రాలు రైల్వే గేటు పక్క టీ బడ్డీ దగ్గర
నాన్న ఎదుటి బల్ల ఖాళీగా ఉంచుతాడు.
పక్కన కూర్చోబోయినవాళ్లకి వేలితో అటు చూపిస్తాడు.
మొన్న ఆ బల్ల మీద ఎవరో కుర్రాడు.
ఒడిసా వైపు నుంచొచ్చాడట, ఇటుకల బట్టీలో పని,
తెలుగు బొత్తిగా రాదు.
నేను వెళ్లేసరికి ఇద్దరి టీలూ మీగడ కట్టేశాయి.
నాన్న అరచెయ్యి పొట్ట మీద గుండ్రంగా తిరుగుతోంది,
ప్రశ్నలాగా.
కుర్రాడు సిగ్గుపడి రెండు వేళ్లు చూపించాడు.

రెండు నెలలో, ఇద్దరు పిల్లలో
నాకు అర్థం కాలేదు.
నాన్న తలూపాడు.